అరగంట డెత్ మెటల్: ముందు ఏ రికార్డు వినాలి?

నెల్లూరులో డెత్ మెటల్ (గర్జించే గొంతుతో, దడదడలాడే డ్రమ్స్‌తో ఉండే హెవీ మెటల్ రకం) వినేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు అనుకుంటాం. కానీ కావలిలో ఏదో కాలేజీ హాస్టల్లోనో, ఒంగోలు బస్టాండులో నల్ల టీషర్టు వేసుకునో ఎవడో ఒకడు తగులుతూనే ఉంటాడు. మెటాలికా, ఐరన్ మెయిడెన్ దాకా వచ్చేసి, ఇంకొంచెం ముందుకు పోదామని చూస్తుంటాడు. అడిగేది మాత్రం ఒకటే ప్రశ్న: "అన్నా, డెత్ మెటల్ యాడ మొదలుపెట్టమంటావు?"

దానికి చాలామంది చెప్పే జవాబు చరిత్ర పాఠంలా ఉంటుంది. ముందు 1985 నాటి పొసెస్డ్ వినాలి, తర్వాత 1987లో చక్ షుల్డినర్ తన 'డెత్' బ్యాండ్‌తో తెచ్చిన తొలి ఆల్బమ్, ఆ తర్వాత 1989 నాటి మార్బిడ్ ఏంజెల్... వరస సరైనదే. కానీ పరీక్షకు చదివినట్టు వింటే ఈ సంగీతం ఎవరికీ ఎక్కదు. నేను చెప్పే దారి వేరు. అరగంట అటూ ఇటూ ఉండే రికార్డు ఒకటి పట్టుకోండి. మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఆపకుండా వినండి. అయిపోయాక మళ్ళీ మొదటి పాట నొక్కాలనిపించిందా, అది మీ రికార్డు. అనిపించలేదా, పోయింది అరగంటే.

పొట్టి రికార్డు అంటే 35 నిమిషాలు దాటకూడదని గీత గీసుకున్నా. ఈ లెక్కన మార్బిడ్ ఏంజెల్ 'ఆల్టర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్', ఎంటూంబ్డ్ 'లెఫ్ట్ హ్యాండ్ పాత్' లాంటి పెద్ద పేర్లు పక్కకు పోతాయి. రెండూ 40 నిమిషాల దరిదాపుల్లో ఉంటాయి. గొప్పవే, కాదనను. కానీ గొంతు లోతు నుంచి వచ్చే ఆ గర్జన, సందు లేకుండా కొట్టే ఆ డ్రమ్స్ కొత్త చెవికి పాతిక నిమిషాలకే బరువెక్కుతాయి. ఆ తర్వాత వచ్చే పాట ఎంత బాగున్నా గోల లాగే వినపడుతుంది. పాటల తప్పు కాదది, చెవి అలసట.

అసలు ఈ పొట్టితనం ఎక్కడి నుంచి వచ్చింది? 1986లో స్లేయర్ 'రెయిన్ ఇన్ బ్లడ్' తెచ్చారు. అది త్రాష్ మెటల్, అంటే డెత్ మెటల్‌కి ముందొచ్చిన వేగమైన రకం. పది పాటలు, మొత్తం 29 నిమిషాలు. క్యాసెట్టులో ఒక వైపే సరిపోవడంతో రెండో వైపు కూడా అదే ఆల్బమ్ మొత్తం పెట్టారు. తిప్పేసి మళ్ళీ వినడమే! ఆల్బమ్ అంటే 40 నిమిషాలు ఉండాల్సిందేనన్న మొహమాటం ఆ దెబ్బతో పోయింది. అమెరికాలో ఫ్లింట్ అనే ఊరి కుర్రాళ్ళు రిపల్షన్ పేరుతో అదే ఏడాది 18 పాటలు రికార్డు చేసి అరగంటలోపే ముగించారు. దాన్ని వేసేవాళ్ళు లేక మూడేళ్ళు అట్టే ఉండిపోయింది. చివరికి 1989లో ఇంగ్లాండు బ్యాండ్ కార్కస్ వాళ్ళు తమ చిన్న లేబుల్ మీద 'హారిఫైడ్' పేరుతో బయటికి తెచ్చారు. ఈ రెండూ సరిగ్గా డెత్ మెటల్ కావు గనుక పోటీలో పెట్టడం లేదు. కానీ తర్వాత వచ్చిన ప్రతి పొట్టి రికార్డులోనూ ఈ రెంటి రక్తం ఉంది.

ఇంకో కారణం శరీరానికి సంబంధించింది. బ్లాస్ట్ బీట్ అంటే డ్రమ్ సెట్టులోని స్నేర్, కిక్, సింబల్ మూడింటినీ తెరిపి లేకుండా, విడిగా లెక్కపెట్టలేనంత వేగంగా కొట్టడం. అట్లా గంటసేపు కొట్టగలిగిన మనిషి అరుదు, కొట్టినా వినగలిగిన మనిషి ఇంకా అరుదు. పైగా ఈ బ్యాండ్లలో ఒక్కో పాటలో ఆరేడు రిఫ్‌లు ఉంటాయి. రిఫ్ అంటే గిటార్ మీద తిరిగి తిరిగి వచ్చే చిన్న పలుకు. రాక్ బ్యాండ్ ఆల్బమ్ అంతా నడపడానికి వాడుకునేన్ని రిఫ్‌లు వీళ్ళు మూడు నిమిషాల్లో ఖర్చు పెట్టేస్తారు. కాబట్టి నిమిషాలు తక్కువ కదా, డబ్బులు దండగ అనుకోవద్దు.

నా లెక్కలో అసలు పోటీ నాలుగు రికార్డుల మధ్య. రెండు స్వీడన్‌వి, ఒకటి ఫ్లోరిడాది, ఒకటి కెనడాది.

ముందు డిస్మెంబర్. స్టాక్‌హోమ్ బ్యాండ్. 1991లో వచ్చిన 'లైక్ యాన్ ఎవర్ ఫ్లోయింగ్ స్ట్రీమ్' వాళ్ళ తొలి ఆల్బమ్. ఎనిమిది పాటలు, 31 నిమిషాలు. రికార్డు చేసింది సన్‌లైట్ స్టూడియోలో, టోమస్ స్కోగ్స్‌బర్గ్ దగ్గర. స్వీడిష్ డెత్ మెటల్ అనగానే చెవిలో మోగే గిటార్ శబ్దం ఈ స్టూడియో నుంచే ప్రపంచానికి పాకింది. దాని వెనకున్న రహస్యం ఓ చిన్న పెడల్, అంటే గిటార్ శబ్దాన్ని మార్చడానికి కాలితో నొక్కే డబ్బా. జపాన్ కంపెనీ బాస్ 1983లో తెచ్చిన హెచ్‌ఎం-2. దానికి నాలుగు నాబ్‌లుంటాయి. తెలివిగలవాళ్ళు కొంచెం కొంచెం తిప్పి వాడుకోవాలని కంపెనీ ఉద్దేశం. స్టాక్‌హోమ్ కుర్రాళ్ళు నాలుగింటినీ చివరిదాకా తిప్పేశారు. ఆ వచ్చిన శబ్దాన్ని బయటి దేశాల్లో రంపపు మిషనుతో పోలుస్తారు. మన ప్రకాశం జిల్లా వాళ్ళకి ఆ పోలిక అక్కర్లేదు. చీమకుర్తి క్వారీలో గెలాక్సీ గ్రానైట్ కోసేటప్పుడు పక్కన నిలబడి ఉంటే చాలు, ఈ గిటార్ ఏమిటో ఒంటికి తెలిసిపోతుంది.

కానీ ఆ గరగర కింద ఏముందో చూడండి. అక్కడే ఈ రికార్డు మిగతావాటిని దాటిపోయింది. మొదటి పాట ఐదు నిమిషాలుంటుంది. అందులో వేగం, నిదానం, మళ్ళీ వేగం, మధ్యలో పాడుకోవడానికి వీలైన గిటార్ వరస, అన్నీ ఉన్నాయి. వెంటనే రెండో పాట రెండు నిమిషాలు కూడా నిండకుండా కొట్టి వెళ్ళిపోతుంది. ఈ పెద్దది, చిన్నది అనే వరసే 31 నిమిషాలనూ నడిపిస్తుంది. బ్యాండ్ పేరు కలిసొచ్చేట్టు పెట్టిన 'డిస్మెంబర్డ్' పాట నిదానంగా, విషాదంగా మొదలవుతుంది. దాన్ని వాయిద్యాల మీద విడిగా వాయించి వినిపిస్తే ఇది డెత్ మెటల్ అని ఎవరూ నమ్మరు. సోలోలు చాలా వరకు వాయించింది ఎంటూంబ్డ్ డ్రమ్మర్ నికె ఆండర్సన్. పక్క బ్యాండ్ డ్రమ్మర్ వచ్చి గిటార్ వాయించి పోయాడంటే ఆ ఊళ్ళో వాళ్ళ మధ్య ఎంత దగ్గరితనం ఉండేదో ఊహించుకోవచ్చు. కవర్ వేసింది ఇంగ్లాండు చిత్రకారుడు డాన్ సీగ్రేవ్. ఇందాక గీత దాటాయని పక్కన పెట్టిన ఆ రెండు పెద్ద ఆల్బమ్‌ల కవర్లూ ఆయనవే.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఇందులో ఆరో పాట ఓ ఆడమనిషి హత్య గురించి. ఆ పాట వల్లే బ్రిటన్ కస్టమ్స్ వాళ్ళు రికార్డులు పట్టుకుని అశ్లీలమని కేసు పెట్టారు. కోర్టులో ఆ కేసు నిలబడలేదు. నిలబడకపోవడం న్యాయమే. అయినా ఆ పాట మాటలు నాకు రుచించవు. డెత్ మెటల్‌లో చావు, కుళ్ళు, శవాలు ఎన్నైనా ఉండొచ్చు, అది ఆ సంగీతపు పెద్ద అబద్ధపు నాటకం. ఈ ఒక్క పాట ఆ నాటకంలో అన్నిటికన్నా సోమరి అంకం. రెండుంబావు నిమిషాలే గనుక దాటేసినా పెద్ద నష్టం లేదు.

రెండోది గోథెన్‌బర్గ్ నుంచి వచ్చిన ఎట్ ద గేట్స్. 1995 నవంబరులో వచ్చిన 'స్లాటర్ ఆఫ్ ద సోల్'. పదకొండు ట్రాకులు, 34 నిమిషాలు. ఐరన్ మెయిడెన్ వినేవాళ్ళకి ఇంతకన్నా దగ్గరి దారి లేదు. రెండు గిటార్లూ కలిసి వాయించే వరసలు ఒక్కసారి వింటే నోటికి వచ్చేస్తాయి. పాటలు మూడు నిమిషాల చుట్టూ తిరుగుతాయి, ఎక్కడా ఆగి ఆలోచించవు. గొంతు కూడా వేరు. టోమస్ లిండ్‌బర్గ్ కడుపులోంచి గర్జించడు. తలుపులు వేసిన గదిలోంచి అరుస్తున్నట్టు, ఎండిపోయిన గొంతుతో కేక వేస్తాడు. మాటలు కూడా కాస్త అర్థమవుతాయి. 'కోల్డ్' పాటలో సోలో వాయించింది కింగ్ డైమండ్ బ్యాండ్ గిటారిస్టు ఆండీ లారాక్. ఆ ఒక్క సోలో కోసం ఆల్బమ్ కొన్నవాళ్ళున్నారంటే ఆశ్చర్యపోను.

ఈ ఆల్బమ్ వచ్చిన మరుసటి ఏడాదే బ్యాండ్ విడిపోయింది. తర్వాతి పదేళ్ళలో మెటల్, హార్డ్‌కోర్ పంక్ కలిపి వాయించే అమెరికా మెటల్‌కోర్ బ్యాండ్లు ఈ రిఫ్‌లను ఎన్ని రకాలుగా తిరగేశాయో లెక్క లేదు. మళ్ళీ కలిసి 2014లో కొత్త ఆల్బమ్ తెచ్చారు. లిండ్‌బర్గ్ 2025 సెప్టెంబరులో క్యాన్సర్‌తో పోయాడు. అప్పటి నుంచి ఈ రికార్డు మీద ప్రేమ పొంగి పొర్లుతోంది, అది సహజం. కానీ ఎంపిక అడిగినవాడికి ఎంపికే చెప్పాలి కదా. 'స్లాటర్ ఆఫ్ ద సోల్' ఎక్కడానికి చాలా సులువైన మెట్టు. చిక్కేమిటంటే, ఆ మెట్టు ఎక్కినవాళ్ళు చాలామంది ఇట్లా శ్రావ్యత ఎక్కువగా ఉండే మెలోడిక్ డెత్ మెటల్ వైపు తిరిగి అక్కడే ఉండిపోతారు. అసలు డెత్ మెటల్‌లోని బురద, బరువు వాళ్ళ చెవికి అలవాటు కావు. మీకు కావలసింది ఆ శుభ్రమైన పదునే అయితే ఇదే తీసుకోండి, వెనక్కి చూడక్కర్లేదు. బురద కూడా కావాలంటే డిస్మెంబర్. శ్రావ్యత రెండింటిలోనూ ఉంది. ఒకటి దాన్ని ఎదురుగా పెట్టి చూపిస్తుంది, ఇంకోటి తవ్వుకొమ్మంటుంది. నా ఓటు తవ్వించేదానికే.

ఫ్లోరిడా వైపు పోతే డీసైడ్. 1992 నాటి 'లీజియన్'. ఎనిమిది పాటలు, 29 నిమిషాలు. టాంపాలోని మోరిసౌండ్ స్టూడియోలో స్కాట్ బర్న్స్ రికార్డు చేశాడు. ఆ రోజుల్లో డెత్ మెటల్ బ్యాండ్లన్నీ క్యూ కట్టిన చోటు అది. సముద్రం, ఉక్కపోత, ఎండ విషయంలో టాంపా మనకి చుట్టమే, ఈ సంగీతం అట్లాంటి ఊళ్ళో పుట్టిందంటే నాకేమీ వింత అనిపించదు. రికార్డు మొదట్లో గొర్రెల అరుపులు వినపడతాయి. నెల్లూరు గొర్రెల మందల పక్కన పెరిగినవాడికి భయం బదులు నవ్వొచ్చినా తప్పులేదు. ఆ నవ్వు పది సెకన్లే. ఆ తర్వాత స్టీవ్ ఆషైమ్ డ్రమ్స్, ఎరిక్, బ్రయన్ హాఫ్‌మన్ అన్నదమ్ముల గిటార్లు కలిసి ఊపిరి తీసుకోనివ్వవు. రిఫ్ ఒకటి చెవికి పట్టేలోగా ఇంకోటి వచ్చేస్తుంది. గ్లెన్ బెంటన్ లోతు గొంతు, గీర గొంతు ఒకదాని మీద ఒకటి వేసి రికార్డు చేయడంతో ఇద్దరు ముగ్గురు ఒకేసారి మీద పడుతున్నట్టుంటుంది.

నాలుగింటిలోనూ అతి గట్టిగా పట్టి ఉంచేది ఇదే. కానీ ఒక జాగ్రత్త. ఈ బ్యాండ్ మాటలన్నీ క్రైస్తవ మతాన్ని తిట్టడం మీదే నడుస్తాయి. బెంటన్ నుదుటి మీద తలకిందుల సిలువ కాల్చుకున్న మనిషి. అమెరికాలో ఆ మతం బలమైన పక్షం, అక్కడ తిరుగుబాటు అంటే దాని మీదే. మన సంగతి అట్లా కాదు. ఒంగోలు చుట్టుపక్కల బాప్టిస్టు మిషను చరిత్ర తెలిసినవాళ్ళకి 1878లో గుండ్లకమ్మ ఒడ్డున ఒకే రోజు 2222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి తెలుసు. వాళ్ళలో అత్యధికులు ఊళ్ళో ఎవరూ పక్కన కూర్చోనివ్వని జనం. ఆ ఇళ్ళ పిల్లలు మన స్నేహితులు. ఫ్లోరిడా కుర్రాడి కోపాన్ని తెచ్చి ఇక్కడ బ్లూటూత్ స్పీకర్లో మోగిస్తే అర్థం పూర్తిగా మారిపోతుంది. సంగీతం కోసం వినండి, హెడ్‌ఫోన్లో వినండి. నాకు తెలిసి ఆదివారం చర్చికి పోయి, సోమవారం 'లీజియన్' వినే మనిషి కూడా ఉన్నాడు. ఆయన మాటలు పట్టించుకోడు, డ్రమ్స్ లెక్కపెట్టుకుంటాడు.

నాలుగోది కెనడాలోని క్విబెక్ నుంచి క్రిప్టాప్సీ. 1996 నాటి 'నన్ సో వైల్'. ఎనిమిది పాటలు, 32 నిమిషాలు. దీన్ని మొదటి రికార్డుగా ఎవరికీ చెప్పను. కానీ చివరికి అందరూ వచ్చి చేరాల్సింది ఇక్కడికే అని నా నమ్మకం. ఫ్లో మూనియె డ్రమ్స్ గురించి ఎంత చెప్పినా తక్కువే. వేగంలో ఆయన్ని మించినవాళ్ళు తర్వాత వచ్చారు. కానీ ఆ వేగంలో కూడా చేతులు కొంచెం కొంచెం జారుతూ, సాగుతూ ఉండే ఆ మనిషితనం ఇప్పటి రికార్డుల్లో దొరకదు. ఇప్పుడు కంప్యూటర్లో ప్రతి దెబ్బనూ గీతకు సరిచేస్తున్నారు కదా, దానికి విరుగుడు ఇది. ఎరిక్ లాంగ్లోవా బేస్ గిటార్ తీగల్ని లాగి వదిలే చప్పుడు కూడా స్పష్టంగా వినపడుతుంది. డెత్ మెటల్‌లో బేస్ వినపడటమే ఒక వార్త. లార్డ్ వర్మ్ గొంతులో మాటలు ఒక్కటి కూడా అర్థం కావు, సాహిత్యం ముందు పెట్టుకున్నా కావు. అది లోపం అని కొందరంటారు. నాకు అదే ఆ రికార్డు సొగసు: గొంతు కూడా అక్కడ ఒక వాయిద్యమైపోయింది.

ఇంకో సంగతి. 'ఫోబోఫైల్' అనే పాట పియానోతో మొదలవుతుంది. 20 నిమిషాల దాడి తర్వాత వచ్చే ఆ కాస్త పియానో ఎంత హాయిగా ఉంటుందో, వెంటనే వచ్చే రిఫ్ అంత గట్టిగా తగులుతుంది. పొట్టి రికార్డు ఎట్లా కట్టాలో తెలిసినవాళ్ళు చేసే పని అది. కవర్ మీద బొమ్మ 17వ శతాబ్దపు బొలోన్యా చిత్రకారిణి ఎలిజబెత్తా సిరానీ వేసింది. ఆమె 27 ఏళ్ళకే చనిపోయింది. ఇంట్లో ఎవరైనా అడిగితే ఇటలీ పాత పెయింటింగ్ అని చెప్పొచ్చు, అబద్ధం కాదు కూడా.

ఇక ఈపీలు, అంటే ఆల్బమ్ కన్నా పొట్టి రికార్డులు. అరగంట కూడా ఎక్కువే అనేవాళ్ళకి ఇవి. న్యూయార్క్ బ్యాండ్ సఫొకేషన్ 1998లో తెచ్చిన 'డిస్పైజ్ ద సన్'లో ఐదే పాటలు, పావుగంట దాటి కాస్త. బ్యాండ్ విడిపోయే ముందు వదిలిన ఆఖరి దెబ్బ అది (తర్వాత మళ్ళీ కలిశారు). తల ఊపించే నిదానపు బ్రేక్‌డౌన్లు ఇష్టమైతే అదే చాలు. అరిజోనా బ్యాండ్ గేట్‌క్రీపర్ 2021లో 'యాన్ అనెక్స్‌పెక్టెడ్ రియాలిటీ' అని ఒకటి తెచ్చారు. మొత్తం 18 నిమిషాలు. మొదటి ఏడు పాటలూ నిమిషం చొప్పున పరిగెత్తుతాయి, ఎనిమిదోది ఒక్కటే 11 నిమిషాలు ఈడ్చుకుంటూ నడుస్తుంది. మీకు వేగం నచ్చుతుందా, బరువు నచ్చుతుందా అని తేల్చుకోవడానికి ఇంతకంటే చవకైన పరీక్ష లేదు.

మన హైదరాబాద్‌లో పుట్టిన గాడ్‌లెస్‌ను కూడా ఇక్కడే చెప్పాలి. 2016లో 'సెంచరీస్ ఆఫ్ డెకడెన్స్', 2018లో 'స్వార్మ్' అని రెండు ఈపీలు తెచ్చి, 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' అనే పూర్తి ఆల్బమ్‌కి వచ్చారు. మనవాళ్ళని చెప్పి మార్కులు కలపడం లేదు. 'స్వార్మ్' నిజంగా బిగువుగా ఉంటుంది. పాత అమెరికన్ డెత్ మెటల్, త్రాష్ రెండూ బాగా విన్న చేతులు అవి. పైన చెప్పిన నాలుగింటితో సమానమా అంటే కాదు. కానీ ఆ నాలుగు బ్యాండ్లూ మన ఊరికి రావు. వీళ్ళ షో ఉందంటే రాత్రి బస్సెక్కి బెంగళూరు పోయి, షో చూసి, మర్నాటి రాత్రి బస్సుకి వెనక్కి రావచ్చు. రికార్డు విన్న శబ్దాన్ని ఎదురుగా, ఛాతీ మీద తగిలేట్టు వినడం ఈ సంగీతంలో సగం.

పొట్టిగా ఉన్నా మొదట్లో వద్దనేవి రెండున్నాయి. గోర్గట్స్ 2016లో తెచ్చిన 'ప్లీయడీస్ డస్ట్' 33 నిమిషాలే, కానీ అదంతా ఒకటే పాట. పాతకాలం బాగ్దాదులోని జ్ఞానమందిరం కథ అది. గొప్ప పని, కానీ తొందరపడితే విసుగొస్తుంది. ఎథీస్ట్ 1991లో చేసిన 'అన్‌క్వశ్చనబుల్ ప్రెజెన్స్' కూడా 32 నిమిషాల చుట్టూ ఉంటుంది. తాళం ఎక్కడ మారిందో పట్టుకునేలోగా మళ్ళీ మారుతుంది. బేస్ వాయించే రోజర్ ప్యాటర్సన్ ఆ ఏడాది మొదట్లో వ్యాను ప్రమాదంలో పోయాడు. ఆయన కట్టిన వరసల్నే టోనీ చోయ్ నేర్చుకుని రికార్డు చేశాడు. అయితే దీనికి ఒక మినహాయింపు ఇస్తా: మృదంగం నేర్చుకున్నవాళ్ళు, లెక్కల మీద సరదా ఉన్నవాళ్ళు నేరుగా దీనికే పోవచ్చు. మిగతావాళ్ళకి గజిబిజిగా అనిపించేది వాళ్ళకి ఆటలా ఉంటుంది.

ఎక్కడ, ఎప్పుడు వింటారన్నది కూడా ఎంపికను మార్చేస్తుంది. నెల్లూరు నుంచి గూడూరుకి రైల్లో పోయేవాళ్ళకి దారి అరగంట పైచిలుకు. పినాకినిలో కిటికీ పక్కన సీటు దొరికితే డిస్మెంబర్ మొత్తం అందులో పట్టేస్తుంది. అమ్మేవాళ్ళ కేకలు, పట్టాల చప్పుడు ఆ గిటార్‌ను ఏమీ చేయలేవు. 'లీజియన్' మాత్రం రైల్లో దండగ. దానిలోని చిన్న చిన్న మలుపులన్నీ చప్పుడులో కలిసిపోతాయి. అది రాత్రి గదిలో, ఫ్యాను కూడా తగ్గించుకుని వినేది. రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉండేవాళ్ళు కూడా ఇవి వింటారని కొంతకాలంగా గమనిస్తున్నా. ఏరియేటర్లు తిరుగుతూ ఉండగా నిద్ర ఆపుకోవడానికి ఎట్ ద గేట్స్ పనికొస్తుంది, మూడు నిమిషాలకోసారి కొత్త పాట తట్టి లేపుతుంది. బైకు మీద మాత్రం ఏదీ వద్దు. హైవే మీద లారీ హారన్ వినపడకపోతే ఏ రికార్డు గొప్పదైనా లాభం లేదు.

ఇంట్లో స్పీకర్లో పెట్టేవాళ్ళకి వేరే సలహా. "ఏందిరా ఆ ఊళ, ఒంట్లో బాగుందా?" అని అమ్మ లోపలి నుంచి అడగడం ఖాయం. ఆ పరిస్థితిలో 'స్లాటర్ ఆఫ్ ద సోల్' మధ్యలో వచ్చే గిటార్ మాత్రమే ఉన్న నెమ్మదైన ట్రాకు కాస్త మర్యాద కాపాడుతుంది. అయినా అది రెండు నిమిషాలే, తర్వాత మీ ఇష్టం.

ఫోన్ ఈక్వలైజర్లో బేస్ పెంచే అలవాటు చాలామందికి ఉంది. సినిమా పాటలకి అది సరిపోతుందేమో, ఇక్కడ పెంచితే కిక్ డ్రమ్ములు రెండూ కలిసి ఒకే గుడగుడ అయిపోతాయి. అన్నీ సున్నా దగ్గర పెట్టండి. చవక ఇయర్‌ఫోన్ అయితే డిస్మెంబర్, ఎట్ ద గేట్స్ తట్టుకుంటాయి. క్రిప్టాప్సీకి కొంచెం మంచి హెడ్‌ఫోన్ కావాలి, ఆ బేస్ వినపడకపోతే సగం రికార్డు పోయినట్టే. సౌండు మరీ పెంచొద్దు. ఈ సంగీతం తక్కువ వాల్యూములో కూడా గట్టిగానే వినపడుతుంది.

గిటార్ నేర్చుకునేవాళ్ళకి డిస్మెంబర్ తప్ప వేరే మాట లేదు. రిఫ్‌లు చేతికి అందే స్థాయిలో ఉంటాయి. పాత హెచ్‌ఎం-2 తయారీ ఆ రికార్డు వచ్చిన 1991లోనే ఆగిపోయింది, ఇప్పుడు పాతవాటికి పిచ్చి ధరలు చెబుతారు. 2020లో బాస్ వాళ్ళే దాన్ని హెచ్‌ఎం-2డబ్ల్యూ పేరుతో మళ్ళీ తెచ్చారు. అది కూడా ఖరీదే. బెహ్రింజర్ హెచ్‌ఎం300 అని చవక నకలు ఉంది, ప్లాస్టిక్ డబ్బా. గదిలో వాయించుకోవడానికి అది చాలు. నాలుగు నాబ్‌లూ చివరిదాకా, అంతే. డ్రమ్స్ వాళ్ళు మాత్రం 'లీజియన్' ముందు వినండి, 'నన్ సో వైల్' తర్వాత. తలకిందులుగా వింటే ప్యాడ్లు పక్కన పడేసి వేరే పని చూసుకోవాలనిపిస్తుంది.

కొనడం గురించి ఒక ముఖ్యమైన సంగతి. స్ట్రీమింగులో, కొత్త సీడీల్లో ఈ ఆల్బమ్‌లకి చివర బోనస్ పాటలు తగిలించి ఉంటాయి. 'స్లాటర్ ఆఫ్ ద సోల్' మళ్ళీ వేసినప్పుడు స్లేయర్ పాట ఒకటి, డెమోలు, ఇంకా ఏవేవో కలిపారు. డిస్మెంబర్‌కి కూడా అదనపు పాటలున్న కాపీలున్నాయి. అభిమానులకి అవి ముద్దు. మొదటిసారి వినేవాళ్ళకి మాత్రం అవి చేసే హాని అంతా ఇంతా కాదు. ముగింపు కోసం కట్టిన పాట అయిపోయాక ఇంకో పాట మొదలైతే ఆ 31 నిమిషాల ఆకారం చెడిపోతుంది. కాబట్టి డిస్మెంబర్‌ని ఎనిమిదో పాట 'ఇన్ డెత్స్ స్లీప్' దగ్గర ఆపండి, ఎట్ ద గేట్స్‌ని పదకొండో ట్రాకు దగ్గర. ఫోన్లో ఆ పాటలతోనే ప్లేలిస్టు చేసుకుంటే పని సులువు.

విదేశాల నుంచి ఎల్‌పీ తెప్పించుకుంటే రికార్డు ధర కన్నా పోస్టేజీ, కస్టమ్స్ భయపెడతాయి. ఒక్కటే తెప్పించుకునే స్తోమత ఉంటే అది డిస్మెంబర్ అవ్వాలి, సీగ్రేవ్ బొమ్మ ఆ సైజులో చూడాల్సిందే. సీడీలైతే నలుగురు కలిసి ఒకే పార్సిల్లో తెప్పించుకోండి, ఖర్చు పంచుకోవచ్చు. గాడ్‌లెస్ మాత్రం బ్యాండ్‌క్యాంప్‌లో (బ్యాండ్లు తమ పాటలు నేరుగా అమ్ముకునే సైటు) డబ్బులు పెట్టి కొనండి. స్వీడన్ వాళ్ళకి మీ వంద రూపాయలు లెక్కలోకి రాకపోవచ్చు, వీళ్ళకి వస్తాయి.